ఇంకొక్క జానెడు

గ్రీజు గన్నుని తుర్సునాయ్ రాత్రిళ్లు
పొయ్యి పక్కన పడుకోబెట్టేది,
నిన్న పుట్టిన మేకపిల్లకీ
టీ కెటిలుకీ నడుమ.
మూర్గాబ్‌లో మార్చి కూడా చలికాలమే.
బయట వదిలేస్తే గ్రీజు మైనమైపోతుంది,
తెల్లారి పిడి నొక్కితే మణికట్టు పట్టేస్తుంది గానీ
చుక్క కదలదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.
ఆ బూడిదరంగు రష్యా వ్యాను ఆమెది.
అంతకుముందు ఆమె మొగుడిది,
అంతకుముందు సరిహద్దు చౌకీది.
కరాకుల్‌కి పిండి బస్తాలు, ఓష్‌కి మనుషులు,
ఒక్కోసారి బస్తాల మీదే మనుషులు.
నా ఉద్యోగం తోయడం.

నిజంగా అంతే.
గొర్రెతోలు పరుచుకుని ఆమె
బండి కిందికి వెల్లకిలా దూరేది.
షాఫ్టుకి అటొక క్రాసు, ఇటొక క్రాసు,
క్రాసు నడుమ శనగగింజంత నిప్పుల్.
అదెప్పుడూ అటు తిరిగే ఉంటుంది
అలిగిన పిల్ల మొహంలా.
"తొయ్యి" అనేది కింద నుంచి.
గేరు తీసి, చక్రం కింద రాయి తీసి,
ఆమె కాళ్లెక్కడున్నాయో రెండుసార్లు చూసుకుని
భుజం ఆనించేవాణ్ణి.
"ఇంకొక్క జానెడు."
జానెడు అంటే జానెడే.
అంతకు మించి తోస్తే నాకు టీ లేదు.

ముందు గుడ్డ. తరవాతే గన్ను.
తుడవకుండా నొక్కావంటే
పామీరు దుమ్మంతా లోపలికి ఎక్కించినట్టే.
క్రాసుకి నాలుగు చేతులు, నాలుగింటికీ టోపీలు,
టోపీల్లో చుట్టూ నిలబడి
అగ్గిపుల్లలంత సూదులు.
నొక్కుతుంటే పాతది నల్లగా, గసి కట్టి
ఒక టోపీ అంచున వస్తుంది,
తరవాత ఎదుటి దాని అంచున,
ఇంకాసేపటికి మూడోది.
"అయిపోయింది కదా" అన్నానొకసారి, వేళ్లు కొంకర్లు పోతుంటే.
ఆమె పలకలేదు.
రెండు చేతులా షాఫ్టు పట్టి గుంజింది, మెలిపెట్టింది,
మళ్లీ నొక్కింది.
నాలుగోది వచ్చేదాకా బయటికి రాలేదు.

మొగుడి గురించి ఒక్కసారే చెప్పింది,
అదీ స్పానరు వెతుక్కుంటూ.
టోపీ అంచున ఎర్రటి పొడి చూశాడట.
ఓష్ వెళ్లొచ్చాక మార్పిద్దామన్నాడట.
అక్‌బైతల్ కనుమ దిగుతుంటే షాఫ్టు ఊడింది.
బండికేం కాలేదు. ఆగింది, అంతే.
రాత్రంతా ఆగింది.
అతను సాయానికి నడిచి బయల్దేరాడు.
"పదమూడో నంబరు ఇటివ్వు" అంది.

ఎత్తు ఇక ఆమె గుండెకు పడదని
ఓష్ డాక్టరు చెప్పిన ఏడాది
బండి నాకమ్మింది.
డబ్బు లెక్కపెట్టుకోలేదు.
పెళ్లికూతురి చీనాంబరంలా గుడ్డలో చుట్టి
గన్ను ముందిచ్చింది, తాళాలు తరవాత.
"ముందు షాఫ్టు, వెనక క్రాసు,
డ్రైవరు వైపు టోపీ. మొండిది" అంది.
వీడ్కోలు మాటలంటే అవే.

మొన్న కనుమకి ఇవతల
గేరు మార్చినప్పుడల్లా టక్కుమంటే దిగాను.
లెక్కల టీచరమ్మ జుమాగుల్ దిగింది,
ఇద్దరు సైనికులు దిగారు,
సంకలో గొర్రెపిల్లతో తాత దిగాడు,
దాన్ని మాత్రం దించలేదు.
నేను కిందికి దూరి "జానెడు" అన్నాను.
అందరూ కలిసి మూరెడు తోశారు.
నిప్పుల్ నిండుగా ఒక చుట్టు తిరిగి
మళ్లీ అటే చూస్తోంది.
"జానెడంటే ఎవరి జానెడు?" అంది టీచరమ్మ.
సైనికుడు తన చెయ్యి చాపి చూపించాడు,
తాత తనది చూపించాడు,
గాలికి ఎదురుగా నిలబడి అందరూ
చేతులు కొలుచుకుంటూ నవ్వుకుంటున్నారు.

ఎలాగో చివరికి తిరిగింది.
తుడిచాను. నొక్కాను.
ఒకటి. రెండు. మూడోది కూడా.
పైన ఇంకా నవ్వులు.
నాలుగో టోపీ అంచున వేలు పెట్టి
చూస్తున్నాను,
ఇంకా రాలేదు.